అనిలీన్‌లో దాగిన నీలి

అనిలీన్ రంగులేని, నూనెలాంటి ద్రవం. గాలి తగిలితే క్రమంగా గోధుమరంగుకు తిరుగుతుంది. అయినా దాని పేరులో ఉన్నది సంస్కృత ‘నీలీ’ శబ్దమే.

నీలీ అంటే నీలిమందు నిచ్చే మొక్క. తెలుగులో నీలి చెట్టు అనీ, అవిరి అనీ అంటారు. ఈ మాట పారసీకంలో ‘నీల్’ అయి అరబ్బీకి చేరింది. అరబ్బీలో నామవాచకం ముందు ‘అల్’ అనే ఉపపదం వస్తుంది. దాని వెనక నకారం ఉంటే లకారం కూడా నకారమౌతుంది. అల్, నీల్ కలిసి ‘అన్నీల్’ అయ్యాయి. సంధులెరిగిన తెలుగువారికి ఇది వింత కాదు. పోర్చుగీసువారు ఉపపదంతో సహా మాటను ‘అనిల్’గా తీసుకున్నారు. గాలికి పేరైన అనిలంతో దీనికి చుట్టరికం లేదు.

1826లో ఒట్టో ఉన్‌ఫెర్‌డోర్బెన్ నీలిమందును బట్టీపెట్టి ఒక ద్రవం రాబట్టాడు. ఆమ్లాలతో కలిసి స్ఫటికాలు కడుతుంది గనక ‘క్రిస్టలిన్’ అన్నాడు. ఆ గుణం ఎన్నో క్షారాలకు ఉన్నదే. 1834లో రుంగె బొగ్గు తారు నుంచి తీసినది బ్లీచింగు పౌడరు తగిలితే నీలమయ్యేది. దానికి గ్రీకు నీలంతో ‘కయనోల్’ అని పేరు పెట్టాడు. 1840లో ఫ్రిట్‌షె నీలిమందును కాస్టిక్ పొటాష్‌తో కాచి, వచ్చినదాన్ని ‘అనిలిన్’ అన్నాడు. 1842లో జీనిన్ నైట్రోబెంజీన్ నుంచి ‘బెంజిడామ్’ చేశాడు. నాలుగూ ఒకే పదార్థమని 1843లో హోఫ్‌మన్ తేల్చాడు. నిలిచింది మొక్క పేరు. పరిశ్రమకు పనికొచ్చింది మాత్రం తారు దారి.

1856లో పెర్కిన్ ఆ దారిన ఊదారంగు చేశాడు. 1865లో పుట్టిన బాస్ఫ్ కంపెనీ పూర్తి పేరులోనే అనిలీన్ ఉంది. ఆ కంపెనీ 1897లో కృత్రిమ నీలిమందును బజారులో పెట్టింది. అందుకు వాడిన ఆంత్రనిలిక్ ఆమ్లం పేరులోనూ అనిల్ ఉండడం గమనించదగ్గది. ఆ ఏడాది ప్రపంచంలో మొక్కల నుంచి సుమారు 19,000 టన్నుల నీలిమందు తయారయితే, 1914 నాటికి అది 1,000 టన్నులకు పడిపోయింది. వర్తకులు ‘కుర్పా’ అని పిలిచిన కడప నీలి కూడా ఈ పోటీనే ఎదుర్కొంది.

బలవంతపు సాగుతో విసిగిన బీహారు రైతుకు ఈ పతనం ఊరట కావలసింది. కాలేదు. చంపారణ్‌లో దొరలు నీలి సాగు నుంచి విడుదల చేస్తామంటూ కౌళ్ళు పెంచారు. 1917లో గాంధీ అక్కడికి వెళ్ళినప్పటి వివాదంలో అదొక భాగం.

ఒకప్పుడు నీలిమందు నుంచి అనిలీన్ తీసేవారు. నేడు జీన్సు బట్టకు అద్దే నీలిమందును చాలామటుకు అనిలీన్ నుంచి చేస్తున్నారు.