గోదావరి డెల్టాలో చర్మ లింఫోమా: వైద్య శిక్షణ, పరిశోధన

రక్తంలోని తెల్లకణాలలో ఒక తెగ అయిన లింఫోసైట్లు చర్మంలో అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చే అరుదైన కాన్సర్లన్నిటినీ కలిపి చర్మ లింఫోమాలు అంటారు. రోగ నిర్ణయం జరిగేనాటికి వ్యాధి చర్మాన్ని దాటకుండా, లింఫు గ్రంథులలో గాని లోపలి అవయవాలలో గాని కనిపించకుండా ఉంటే దాన్ని ప్రాథమిక చర్మ లింఫోమాగా లెక్కిస్తారు. వీటిలో అత్యధికం టి-లింఫోసైట్ల నుంచి, తక్కినవి బి-లింఫోసైట్ల నుంచి పుడతాయి. టి-కణ రకాలలో దాదాపు సగం మైకోసిస్ ఫంగాయిడిస్ అనే ఒక్క వ్యాధిదే. ఫ్రెంచి వైద్యుడు అలిబెర్ దీన్ని 1806లో మొదట వర్ణించగా, 1870లో బాజిన్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు పొడ, దళసరి మచ్చ, గడ్డ అనే మూడు అంచెలను విడదీసి చూపాడు. వ్యాధి ఈ మూడు అంచెలూ దాటడానికి ఏళ్లూ దశాబ్దాలూ పట్టవచ్చు. చాలామందిలో మొదటి అంచెలోనే ఉండిపోతుంది కూడా.

పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం పది లక్షల జనాభాకు ఏడాదికి ఆరు నుంచి పది కొత్త కేసులు బయటపడతాయి. 2011 జనగణన నాటికి ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల జనాభా సుమారు 91 లక్షలు కనుక, ఆ రేటునే ఇక్కడ వేసి చూస్తే ఏడాదికి యాభై నుంచి తొంభై మంది కొత్త రోగులు తేలాలి. అమెరికాలో స్థిరపడ్డ ఆసియా సంతతి వారిలో మైకోసిస్ ఫంగాయిడిస్ రేటు శ్వేతజాతీయులలో కంటే తక్కువగా నమోదైంది కాబట్టి ఈ లెక్కను ఉన్నదున్నట్టు నమ్మడానికి వీల్లేదు. అందులో సగమే నిజమనుకున్నా, ఆ కొద్దిమందీ కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, ఏలూరు ఆసుపత్రుల మధ్య చెదిరిపోతారు గనుక, ఒక్కొక్క చోట చదువుకునే యువ వైద్యుడి కంటపడే రోగులు చాలా తక్కువ. శిక్షణ సమస్యకు మూలం ఇదే.

రోగ నిర్ణయంలో స్థానిక చిక్కులు

ముదురు రంగు చర్మం ఉన్నవారిలో, అందులోనూ పిల్లలలో, యువకులలో మైకోసిస్ ఫంగాయిడిస్ తరచు తెల్లటి పొడల రూపంలో వస్తుంది. దీన్ని రంగు తగ్గిన రకం అంటారు. పిరుదులు, తొడలు, నడుము వంటి ఎండ తగలని చోట్ల నొప్పీ దురదా పెద్దగా లేకుండా ఈ పొడలు నెమ్మదిగా పెరుగుతాయి. ఇంటివారు వాటిని శోభి అనో బొల్లి అనో అనుకుంటారు, వైద్యుడికైతే మొదట తోచేది కుష్ఠు. ఆ ఊహలో తప్పేమీ లేదు. 1955లో మొదలై 1983లో నిర్మూలన కార్యక్రమంగా మారిన జాతీయ కుష్ఠు పథకం దేశమంతటా వైద్యులకు తెల్లపొడను చూడగానే స్పర్శ పరీక్షించడం, నరాలు ఉబ్బాయేమోనని తడిమి చూడడం నేర్పింది. డెల్టాలో రామచంద్రపురం వంటి చోట్ల మిషనరీలు కుష్ఠురోగులకు ఆశ్రమాలు నడిపిన చరిత్ర కూడా ఉంది. 2005 డిసెంబరు నాటికి దేశస్థాయిలో కుష్ఠు పదివేల మందికి ఒకరి కంటే తక్కువకు దిగినా వ్యాధి పోలేదు కనుక ఆ పరీక్షల అవసరం ఇప్పటికీ తీరలేదు.

చర్మ లింఫోమా శిక్షణ ఈ కుష్ఠు పాఠం మీదనే నిలబడాలి, దాన్ని పక్కకు నెట్టి కొత్తగా మొదలుపెట్టనవసరం లేదు. స్పర్శ చెక్కుచెదరకుండా ఉన్న తెల్లపొడ, ఉబ్బని నరాలు, గీరి తీసిన చర్మ ద్రవంలో కుష్ఠు బాసిల్లీ కనిపించకపోవడం, ఆరు నెలలో పన్నెండు నెలలో బహుళ ఔషధ చికిత్స పూర్తయినా పొడలో మార్పు రాకపోవడం, ఈ నాలుగింటినీ కలిపి చదవగలిగిన వైద్యుడు ముక్క పరీక్షకు, అంటే బయాప్సీకి పంపుతాడు. అరుదైన వ్యాధిని పట్టుకోవడమనే నైపుణ్యంలో ఎక్కువ భాగం, తరచు కనిపించే వ్యాధి తన దారి తప్పినప్పుడు గుర్తించగలగడమే.

రెండో చిక్కు తామర వల్ల వచ్చింది. గాలిలో తేమ, వరిచేలలోనూ చేపల, రొయ్యల చెరువులలోనూ గంటల తరబడి తడిలో పని, ఒంటికి అంటుకుపోయే బట్టలు కలిసి డెల్టాలో తామరను ఇంటింటి బాధగా చేశాయి. మందుల షాపులో చీటీ లేకుండా, లేదా ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పగా, స్టెరాయిడూ శిలీంధ్ర నాశకమూ యాంటీబయాటిక్కూ కలిపిన క్రీములు కొని పూసుకోవడం అలవాటైంది. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ క్రీములను చీటీ మీదే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందులలో చేర్చింది గాని, అలవాటు చట్టం వేగంతో మారదు. స్టెరాయిడ్ తామరను ముదరబెట్టడమే కాక లింఫోమా పొడను కూడా తాత్కాలికంగా చల్లార్చుతుంది. అందువల్ల రోగి నయమైందనుకుంటాడు, ఆ సమయంలో తీసిన ముక్కలో వ్యాధి లక్షణాలు మసకబారి మామూలు గజ్జిలా కనిపిస్తాయి. బయాప్సీకి ముందు రెండు నుంచి నాలుగు వారాలు పూత మందులు ఆపించాలన్న నియమం పీజీ విద్యార్థికి మొదటి ఏడాదిలోనే అలవడవలసింది ఇందుకే.

ముక్క తీయడంతో పని అయిపోదు. తొలి దశలో లింఫోసైట్లు చర్మం పైపొరలోకి చొచ్చుకుపోయి బారులు తీరడం, వాటి కేంద్రకాలు మడతలు పడి ఉండడం వంటి గుర్తులు ఒక్క ముక్కలో దొరకకపోవచ్చు. అందుచేత వేరువేరు పొడల నుంచి ముక్కలు తీసి, నెలల తేడాతో మళ్లీ తీయవలసి వస్తుంది. కణాల పైనుండే ప్రోటీన్లకు రంగు పట్టించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీలో సీడీ3, సీడీ4, సీడీ8, సీడీ7 గుర్తులను పోల్చి చూస్తారు. రంగు తగ్గిన రకంలో సీడీ8 కణాలు తరచు ఎక్కువగా ఉంటాయి. కణాలన్నీ ఒకే కణం సంతానమా అని తేల్చే టి-కణ గ్రాహక జన్యు పరీక్షకు నమూనాను పెద్ద ప్రయోగశాలకు పంపాలి. రోగిని చూసిన చర్మవైద్యుడూ స్లైడు చూసిన పాథాలజిస్టూ ఒకే సూక్ష్మదర్శిని ముందు కూర్చోకపోతే ఈ గుర్తులేవీ తేల్చి చెప్పవు. యూరప్ కేంద్రంగా పలు దేశాలలో 2015 నుంచి సాగుతున్న ప్రోక్లిపి అధ్యయనంలో, ప్రత్యేక నిపుణులున్న చోట్ల కూడా తొలి దశ రోగులకు లక్షణం కనిపించినప్పటి నుంచి రోగ నిర్ణయం వరకు పట్టిన మధ్యస్థ కాలం 36 నెలలని తేలింది.

శిక్షణ జరిగే చోట్లు

ఈ ప్రాంతంలో వైద్యవిద్యకు పెద్దదిక్కు 1958లో ఏర్పడిన కాకినాడ రంగరాయ వైద్య కళాశాల. రాజానగరం దగ్గరి జీఎస్ఎల్, అమలాపురంలోని కోనసీమ, ఏలూరులోని ఆశ్రం కళాశాలలు తర్వాత వచ్చాయి. రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాలలు 2023 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధులు మూడింటినీ కలిపిన మూడేళ్ల ఎం.డి. కోర్సులో చర్మ లింఫోమాది చిన్న అధ్యాయం. పరీక్షలో అది తరచు ఒక లఘు ప్రశ్నగా వచ్చి పోతుంది. కోర్సులో తప్పనిసరి అయిన సిద్ధాంత వ్యాసానికి విద్యార్థులు సహజంగానే ఏడాదిన్నరలో యాభై అరవై కేసులు దొరికే తామరనో సోరియాసిస్‌నో ఎంచుకుంటారు.

2021లో చేరిన బ్యాచి నుంచి అమలవుతున్న జిల్లా రెసిడెన్సీ పథకం కింద ప్రతి పీజీ విద్యార్థీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. ఈ వ్యాధి దృష్ట్యా కోర్సు మొత్తంలో అతి విలువైన కాలం ఇదేననవచ్చు. పెద్దాసుపత్రికి వచ్చేసరికి మూడు నాలుగు మందులు పూసుకుని రూపు మారిన పొడ, జిల్లా ఓపీలో దాని తొలి రూపంలో ఎదురవుతుంది. ముదిరిన కేసులు మాత్రం డెల్టా దాటి వెళ్తాయి. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాదులో నిమ్స్, ఎం.ఎన్.జె. ఆసుపత్రులున్నాయి. వేలూరు సి.ఎం.సి.కి తెలుగు రోగులు వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. రోగితో పాటు స్లైడ్లూ, ముక్కను మైనంలో భద్రపరచిన పారఫిన్ బ్లాకులూ కూడా వెళ్లిపోతాయి, జవాబు తిరిగి రాకపోతే మొదట అనుమానించిన వైద్యుడికి తన అనుమానం నిజమో కాదో తెలియదు. 2012లో ఏర్పడ్డ నేషనల్ కాన్సర్ గ్రిడ్ నిర్వహించే ఆన్‌లైన్ ట్యూమర్ బోర్డుల వంటివి, అంటే వేరువేరు విభాగాల నిపుణులు కలిసి ఒక్కొక్క కేసును చర్చించే సమావేశాలు, ఈ ఖాళీని కొంత పూడ్చగలవు.

చికిత్స నేర్పే పాఠం

తొలి దశలో చికిత్స ఎంత తేలికో తెలియడం శిక్షణలో ముఖ్యమైన భాగం. పొడలు ఒంటి మీద పదిశాతం లోపు ఉంటే ఒకటి-ఏ, దాటితే ఒకటి-బి దశ. వేళ్లతో సహా రోగి అరచేయి ఒంటిలో సుమారు ఒక శాతమని లెక్క. వ్యాధి భారాన్ని కొలిచే సూచికలో పొడ ఉన్న శాతాన్ని ఒకటితో, దళసరి మచ్చను రెండుతో, గడ్డను నాలుగుతో హెచ్చవేసి కూడుతారు. కాగితం, కలం, కొంచెం ఓపిక ఉంటే చాలు. ఈ దశలకు చాలాసార్లు సరిపోయే 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి యంత్రం బొల్లికీ సోరియాసిస్‌కూ వాడేదే. తొలి దశలోనే తీవ్రమైన కీమోథెరపీ ఇస్తే ఆయుర్దాయం పెరగదనీ, దుష్ఫలితాలు మాత్రం పెరుగుతాయనీ 1989లో వెలువడిన అమెరికన్ పరిశోధన చూపింది. కాన్సర్ అన్న మాట వినగానే రోగి కుటుంబం పెద్ద వైద్యం కోరుతుంది. వద్దని నచ్చజెప్పడం కూడా వైద్యుడు నేర్వవలసిన పనే.

కాంతి చికిత్స చాలనప్పుడు వాడే మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి, దాని చరిత్రకు మూలం ఈ డెల్టాలోనే ఉంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించి, ఆపైన దాని పనిని అడ్డగించే పదార్థాలను తయారు చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. సుబ్బారావు ఆ ఆగస్టులోనే కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను చర్మ లింఫోమాలో తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో తెలుగులో చీటీ మీద రాసి, ఇంట్లో ఒకరి చేత చదివించి పంపడం హౌస్ సర్జన్ స్థాయిలోనే నేర్పదగిన అలవాటు. దుష్ఫలితాలు తగ్గించడానికి తక్కిన రోజులలో ఇచ్చే మాత్ర ఫోలిక్ ఆమ్లమే.

పరిశోధన

పదిమంది రోగులతో గణాంకాలు రావు గాని, పదిమందిని పదేళ్లు సరిగా చూస్తే విలువైన శాస్త్రం వస్తుంది. రంగు తగ్గిన రకం గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో మంచి భాగం భారత్ వంటి దేశాల చిన్న కేసు వరుసల నుంచే వచ్చింది. చర్మం కింది కొవ్వును ఆశ్రయించే టి-కణ లింఫోమాలో చాలామందికి హెచ్ఏవీసీఆర్2 అనే జన్యువులో వంశపారంపర్య లోపం ఉందని 2018లో తేలిన తర్వాత, ఆసియా రోగుల పాత బ్లాకులకు కొత్త విలువ వచ్చింది. ఇక్కడ అడ్డు నిధులకన్నా కాలమే. పీజీ మూడేళ్లకు వెళ్లిపోతాడు, వ్యాధి ఇరవై ఏళ్లు నడుస్తుంది. అందువల్ల కేసు విద్యార్థి పేరున కాక విభాగం పేరున సాగాలి. ప్రతి రోగికీ ఒకే భంగిమలో, ఒకే వెలుతురులో తీసిన ఫోటోలు, దశ, భార సూచిక, బ్లాకు సంఖ్య, అది ఏ ఊరి ప్రయోగశాలకు వెళ్లిందో, ఫోటోలకూ మిగిలిన కణజాలానికీ రోగి తెలుగులో ఇచ్చిన సమ్మతి పత్రం, ఇల్లు మారినా దొరికేలా ఇద్దరు బంధువుల ఫోను నంబర్లు ఒకే దస్త్రంలో ఉండి, చదువు ముగించి వెళ్లే పీజీ దాన్ని సంతకంతో తర్వాతి బ్యాచికి అప్పగించాలి.