జాజ్‌మవు ప్లాంటు: మురుగు నుంచి కరెంటు ఎందుకు ఆశించినంత రాలేదు?

పరిశ్రమల మురుగును సూక్ష్మజీవులతో శుద్ధి చేసి గ్యాస్ తీయడం గురించి అడిగితే మనలో చాలామంది నాలుగు లాభాలు రాసి ముగిస్తాం. కాన్పూర్ చరిత్ర చదివితే వాటి పక్కన ఒక షరతు కూడా రాయాల్సి వస్తుంది.

1914లో మాంచెస్టర్‌లో ఆర్డెన్, లాకెట్ రూపొందించిన యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిలో నీటిలోకి నిరంతరం గాలి ఊదాలి. అంటే కరెంటు ఖర్చు. 1970లలో నెదర్లాండ్స్‌లో లెటింగా బృందం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. గాలి తగలని ట్యాంకులో మురుగును కింది నుంచి పైకి పంపితే, అడుగున బురదలోని సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని మీథేన్‌గా మారుస్తాయి. ఇదే యూఏఎస్‌బీ. చలిదేశంలో ట్యాంకును వేడి చేయాలి, మన ఎండలకు ఆ అవసరం తక్కువ. గంగా కార్యాచరణ ప్రణాళికలో భాగంగా డచ్ సాయంతో ఈ పద్ధతి కాన్పూర్‌కు వచ్చింది.

అప్పటికే 1987లో, ఎం.సి. మెహతా కేసులో, ప్రాథమిక శుద్ధి ఏర్పాటు లేని ట్యానరీలను ఆపేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. జాజ్‌మవులో 1989లో 5 ఎంఎల్‌డీ ప్రయోగాత్మక ప్లాంటు, 1994లో 36 ఎంఎల్‌డీ ప్లాంటు మొదలయ్యాయి. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. ఆ 36లో ట్యానరీల నీరు 9, ఇళ్ల మురుగు 27. ఈ 1:3 లెక్క గుర్తుంచుకోండి, అసలు చిక్కు అక్కడే ఉంది.

ట్యానరీ నీటిలోని క్రోమియం సూక్ష్మజీవులకు విషం కాబట్టి ఇళ్ల మురుగు కలిపి పలుచన చేశారు. కానీ ఇళ్ల మురుగులో సేంద్రియ పదార్థం తక్కువ, అందుకే లీటరుకు వచ్చే గ్యాస్ కూడా తక్కువే. పైగా తోళ్లను పదును చేసేటప్పుడు నీటిలో సల్ఫేటు చేరుతుంది. సల్ఫేటు మీద బతికే బ్యాక్టీరియా మీథేన్ సూక్ష్మజీవుల తిండికి పోటీపడి, హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే ఆ వాయువు ఇంజిన్లను తినేస్తుంది. ఇక క్రోమియం లోహం, ఏ బ్యాక్టీరియా దాన్ని మాయం చేయలేదు. చాలా భాగం బురదలో చేరింది, మిగిలింది శుద్ధి చేసిన నీటితో చుట్టుపక్కల పొలాలకు పారింది. విషాన్ని పలుచన చేయడాన్ని శుద్ధి అనుకోవడమే, నా దృష్టిలో, ఈ ప్రణాళిక అసలు లోపం.

డిస్టిలరీల సంగతి వేరు. స్పెంట్ వాష్‌లో సీఓడీ లీటరుకు దాదాపు లక్ష మిల్లీగ్రాములు. కిలో సీఓడీకి సిద్ధాంతపరంగా 0.35 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది కనుక, అక్కడి గ్యాస్ బాయిలర్లకు నిజంగానే పనికొస్తుంది. (గ్యాస్ తీశాక కూడా నీటి గోధుమ రంగు పోదు, అది మరో ప్రశ్న.)

నమామి గంగే కింద జాజ్‌మవుకు మంజూరైన 20 ఎంఎల్‌డీ ప్లాంటు ట్యానరీల నీటికి మాత్రమే. క్రోమియాన్ని ముందే వేరుచేసి తిరిగి రాబట్టే యూనిట్ కూడా అందులో ఉంది.