దృష్టి మరల్చు నేర్పు: ఒక పరీక్ష పూర్వకథ

పలమనేరు సీమ 1911లో చిత్తూరు మండలము ఏర్పడువఱకును ఉత్తరార్కాటులోని భాగము. ఆ ప్రాంతమునకు రాజధానియైన చెన్నపట్టణమున 1819లోనే నేత్రవైద్యశాల వెలసినను, దూరవస్తువునుండి సమీపవస్తువునకు కన్ను దృష్టిని మరల్చు నేర్పును గొలుచు శాస్త్రము అప్పటికింకను శైశవమునందే యుండెను. 1801లో థామస్ యంగ్ తన కంటిని నీటిలో ముంచి, కార్నియా ప్రభావమును తొలగించి, ఈ మార్పు లోపలి కటకమువలననే కలుగుచున్నదని చూపెను. ఆ సాహసము నాకు నేటికిని విస్మయము గొల్పును. 1864లో డచ్చి వైద్యుడు డాండర్స్ వయస్సుతో ఈ శక్తి క్షీణించు క్రమమును గ్రంథస్థము చేసెను. 1950నాటి హాఫ్‌స్టెటర్ సూత్రము ప్రకారము ఇరువదియేండ్ల యువకునకు కనీసము 10 డయాప్టర్ల (కటకశక్తికి కొలమానము) శక్తి యుండవలెను.

కాని శక్తి యుండుట వేఱు, చుఱుకుదన ముండుట వేఱు. 1915లో మదనపల్లెలో బీసెంటు దివ్యజ్ఞాన కళాశాల వెలసిన నాటినుండి ఈ సీమ యువజనులు పుస్తకమునుండి నల్లబల్లకును, నల్లబల్లనుండి పుస్తకమునకును చూపు మరల్చుచునే యున్నారు. అట్టివారు తలనొప్పి యనినప్పుడు కంటియద్దముల నంబరు మాత్రమే చూచి పంపుట న్యాయము గాదని నా దృఢాభిప్రాయము. 40 సెంటీమీటర్ల దూరమున చిన్నయక్షరముల నుంచి, ధన 2, ఋణ 2 డయాప్టర్ల కటకములను మార్చి మార్చి కంటియెదుట నిలిపి, నిమిషములో నెన్నిమార్లు అక్షరములు స్పష్టమగునో లెక్కించు పరీక్ష ఆ చుఱుకుదనమునే కొలుచును. మొదట ఒక్కొక్క కంటికి, పిదప రెండింటికిని కలిపి.