యెమన్ ఖహ్వా నుండి అరకు కాఫీ దాకా

ఈసారి సావనీరుకు ఏం వ్రాయాలా అని ఆలోచిస్తూ ఉండగా, జిద్దా నుండి సెలవు మీద వచ్చిన మా బావమరిది ఒక గాజు పాత్ర తెచ్చి మా చేతిలో పెట్టాడు. మూత మధ్యలో ఒక కడ్డీ, దాని అడుగున సన్నని ఇనప జల్లెడ. దీన్ని ఫ్రెంచ్ ప్రెస్ అంటారట, కాఫీ దీంట్లోనే చేసుకోవాలట.

మా ఇంట్లో తరతరాలుగా చాయే. కాఫీ అంటే చుట్టాలొస్తే డబ్బాలోంచి తీసి కలిపే పొడి, అంతే. అయినా సరదా పడి, బజారులో దొరికిన మెత్తటి ఫిల్టరు కాఫీ పొడి వేసి, మరిగే నీళ్లు పోసి, కడ్డీ నొక్కాము. దిగలేదు. బలంగా నొక్కేసరికి వేడి నీళ్లు మూత పక్కనుండి చిమ్మి మా చొక్కా, గోడమీది క్యాలెండరు రెండూ తడిశాయి. కప్పులో అడుగున వేలెడు బురద. పిల్లలు నవ్వారు. ‘ఇది తాగేదాని కన్నా చాయ్ నయం గదరా’ అన్నారు మా అమ్మీ. ఆ మాట మాకు కొంచెం గుచ్చుకుంది. ఎందుకంటే కాఫీ కథ ఎక్కడ మొదలైందో బడిలో పిల్లలకు చెప్పేది మేమే.

ఉర్దూలో ఖహ్వా అన్నా, తెలుగులో కాఫీ అన్నా మూలం ఒకటే, అరబ్బీ మాట. 15వ శతాబ్దంలో యెమన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా ఉండేందుకు దీన్ని తాగేవారు. అక్కడి నుండి మక్కాకు, కైరోకు పాకింది. ఖహ్వా అనే మాటకు పాత అరబ్బీ నిఘంటువులలో మద్యం అనే అర్థం కూడా ఉంది. నలుగురూ గుమిగూడి తాగే కొత్త పానీయం, పైగా ఈ పేరు! అనుమానం రాకుండా ఉంటుందా? 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి ఉలమాలను కూర్చోబెట్టి దీన్ని నిషేధించాడు. కైరోలోని సుల్తాను ఆ ఉత్తరువును సడలించాడు. అయినా వాదం చల్లారలేదు. 1558లో అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ ఖహ్వా హలాలే అని నిరూపిస్తూ ఒక గ్రంథమే వ్రాశాడు. ఈనాడు సెహరీ వేళ నిశ్చింతగా కప్పు పట్టుకునే మనకు, దాని వెనుక ఇంత వ్యవహారం నడిచిందని తట్టదు.

మన దేశానికి మొక్క కన్నా ముందు పానీయమే వచ్చింది. జహంగీరు కాలంలో ఆంగ్ల రాయబారి వెంట ఉన్న టెర్రీ అనే మతగురువు, మద్యం ముట్టని నియమం గలవారు ఇక్కడ కాఫీ తాగుతున్నారని వ్రాసుకున్నాడు. మొక్కను తెచ్చినది బాబా బుడన్ అని జనశ్రుతి. ఆయన 17వ శతాబ్దంలో హజ్ నుండి తిరిగి వస్తూ, యెమన్‌లోని మోకా రేవు నుండి ఏడు గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు కొండల మీద నాటారంటారు. మొలకెత్తే గింజను అరబ్బు వర్తకులు బయటికి పోనిచ్చేవారు కాదట, అందుకే దాచవలసి వచ్చింది. ఈ కథ చెప్పినప్పుడు ఏడో తరగతి కుర్రవాడొకడు లేచి ‘సర్, అది దొంగతనం కాదా?’ అని అడిగాడు. ఆ రోజు మాకు జవాబు తోచలేదు. నిజం చెప్పాలంటే ఈ రోజూ పూర్తిగా తోచలేదు. ఆ కొండకు ఇప్పుడు బాబా బుడన్‌గిరి అనే పేరు. అక్కడికి ముస్లిములూ పోతారు, దత్తాత్రేయుని తలచుకుని హిందువులూ పోతారు.

అరబ్బుల గుత్త అంతటితో సడలింది. 1690ల చివర డచ్చివారు మలబారు నుండి మొక్కలను జావాకు చేర్చారు. జావా నుండి ఆమ్‌స్టర్‌డాముకు, ఆమ్‌స్టర్‌డాము నుండి 1714లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీకి కానుకగా ఒక మొక్క పోయింది. అంటే ఫ్రాన్సుకు పోయిన మొక్క దారిలో మన మలబారు కూడా ఉందన్నమాట. మా బావమరిది తెచ్చిన పాత్ర సంగతి కూడా ఇలాంటిదే. జల్లెడను అదిమే పద్ధతికి 1852లో ఇద్దరు పారిస్‌వాసులు పేటెంటు తీసుకున్నారు. మూతతో కూడిన నేటి రూపానికి దగ్గరైనదానికి 1929లో పేటెంటు పొందినవారు మాత్రం ఇటలీలోని మిలాను నగరవాసులు. పేరు ఒకరిది, పని ఇద్దరిది.

ఇక మన సంగతి. మన ప్రాంతపు ఏజెన్సీ కొండల్లో కాఫీ నాటినది 1898లో, తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో, బ్రిటిషువారు. తరవాత విశాఖ ఏజెన్సీకి వచ్చింది. 1960లలో అటవీశాఖ తోటలు వేసింది. ఆ పిదప గిరిజన కుటుంబాలకు పోడుకు బదులుగా కాఫీ చూపించారు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ. 1956లో ఏర్పడి మన విశాఖ కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ ఈ గింజలు కొంటుంది. 2017లో అరకు కాఫీ పేరుతో పారిసులో ఒక దుకాణమే తెరిచారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరబికా! ఆ మాటలో ఉన్నది అరబ్బు దేశం పేరే.

ఒకసారి పిల్లలను తీసుకొని కిరండూల్ పాసింజరులో అరకు వెళ్లాము. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన రేవుకు చేర్చేందుకు వేసిన మార్గం అది. దర్గా కొండ మీద నిలబడితే కనిపించే రేవుకూ, ఆ కాఫీ తోటలకూ మధ్య ఉన్నది ఆ రైలే. తోటలో పండ్లు కోస్తున్న ఒక పెద్దాయనను ‘తాతా, మీరు కాఫీ ఎలా కాచుకుంటారు?’ అని అడిగాము. ఆయన నవ్వి ‘మేం టీ తాగుతాం బాబూ, ఇది అమ్మడానికే’ అన్నారు. ఆ రోజు ఆయన ఇంట్లో మేమూ టీయే తాగి వచ్చాము. 2025లో అరకు మండలంలో కాయతొలుచు పురుగు కనిపించిందని పత్రికలో చదివినప్పుడు, ముందుగా మాకు గుర్తొచ్చినది ఆయనే.

ఆ వార్త చదివాకే మేము పాత్రను మళ్లీ కిందికి దించాము. చికోరీ కలపని అరకు పొడి కావాలని అడగండి. చికోరీ ఒక వేరు, కాఫీ కాదు. పొడి గోధుమ నూకలా బరకగా ఉండాలి, మా మొదటి తప్పు అక్కడే. 450 మిల్లీలీటర్ల నీటికి 30 గ్రాముల పొడి. నీళ్లు మరిగాక దించి అర నిమిషం ఆగి పోయండి, ఒకసారి కలిపి, కడ్డీ పైకే ఉంచి మూత పెట్టండి. నాలుగు నిమిషాలు. తరవాత నెమ్మదిగా నొక్కండి, గట్టిగా ఉంటే ఆగండి, పోరాడవద్దు. వెంటనే కప్పుల్లోకి వంచేయాలి, ఉంచితే చేదెక్కుతుంది. పాలు కావలసినవారు విడిగా వేడిచేసి కలుపుకోవచ్చు. మేము మాత్రం ఒక ఏలకకాయ చితగ్గొట్టి వేస్తాము, అరబ్బుల పద్ధతి. కొలెస్ట్రాల్ ఉన్న పెద్దలు దీన్ని రోజూ తాగకపోవడం మంచిది. కాగితపు వడపోతలో ఆగిపోయే జిడ్డు ఇనప జల్లెడలో ఆగదు, కొలెస్ట్రాల్‌ను పెంచేది అదే.

మా అమ్మీ ఇప్పుడు సగం కప్పు తాగుతారు, రెండు చెంచాల చక్కెరతో. వార్షికోత్సవం నాడు హాలుకు ఆ పాత్ర పట్టుకొస్తాము. ఒక విడతకు మూడు కప్పులే వస్తాయి గనుక దయచేసి వరసలో రండి.