మధ్యధరా సముద్రముపై ఇద్దరు మిత్రులు

1183వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున స్పెయిను దేశములోని గ్రనాడా నగరమునుండి ఇద్దరు మిత్రులు మక్కా యాత్రకు బయలుదేరిరి. ఒకడు ఇబ్న్ జుబైర్. గ్రనాడా పాలకుని కొలువులో లేఖకుడు. రెండవవాడు అబూ జాఫర్ ఇబ్న్ హస్సాన్, వైద్యుడు. పాలకుడొకనాడు బలవంతముగా ఇబ్న్ జుబైరుచేత ఏడు గిన్నెల మద్యము త్రాగించెననియు, పిదప పశ్చాత్తాపపడి అదే గిన్నెను ఏడు మారులు బంగారు నాణెములతో నింపి యిచ్చెననియు, ఆ ధనముతోనే ప్రాయశ్చిత్తముగా ఈ యాత్ర సాగెననియు ఒక కథ కలదు. కథ యెట్లున్నను, రెండేండ్లకు పైగా నడచిన ఆ యాత్రలో ఇబ్న్ జుబైర్ వ్రాసికొనిన దినచర్య నేటికిని నిలిచియున్నది. రాజులు కత్తులు దూయుచున్న కాలమున వర్తకుడును బాటసారియు ఎట్లు బ్రదికిరో తెలిసికొనగోరు వారికి అంతకంటె మంచి సాక్షి దొరకుట కష్టము.

అవి క్రూసేడుల నాళ్లు. 1099లో జెరూసలేము క్రైస్తవ వీరుల వశమయ్యెను. సిరియా తీరమునందలి ముఖ్యమైన రేవులు వారి యధీనమున నుండెను. ఈజిప్టును, డమాస్కసును ఏలుచున్న సలాదీను వారితో పోరాడుచుండెను. ఇట్టి సమయమున ఈ ముస్లిము యాత్రికులు ఆఫ్రికా తీరమునందలి సబ్తా రేవున ఎక్కినది ఏ ఓడ? ఇటలీ దేశపు జెనోవా నగరమునకు చెందిన క్రైస్తవుల ఓడ! ఇందులో వింత యేమియు ఇబ్న్ జుబైరునకు తోచలేదు. ఆనాడు ఆ సముద్రముపై సరకులను జనులను చేరవేయుటలో జెనోవా వారు అందెవేసిన చేతులు. కిరాయి చెల్లించువాడు ఏ దిక్కునకు తిరిగి ప్రార్థించునో వారు అడుగలేదు.

సార్డీనియా ద్వీపమును సమీపించునప్పటికి పెనుగాలి లేచి ఓడను అల్లాడించెను. రేవు చేరి మంచినీళ్లు, వంటచెఱకు సమకూర్చుకొనుచుండగా, అచ్చటి సంతలో స్త్రీ పురుషులు కలిసి సుమారు ఎనుబదిమంది ముస్లిము బందీలు విక్రయింపబడుచుండిరని వారికి తెలిసెను. ఒకే సముద్రము తనను యాత్రికునిగా మోసికొని పోవుచున్నది. తన మతస్థులనే బానిసలుగా మోసికొని వచ్చినది. ముప్పది దినములు నీటిపై గడపి వారు అలెగ్జాండ్రియా చేరిరి.

అలెగ్జాండ్రియాలో రాజు స్వమతస్థుడు. ఆదరము లభించునని ఆశించిన యాత్రికులకు సుంకరులు ఎదురైరి. మూటలు విప్పించిరి; నడుములు తడవి చూచిరి; ఇంకను దాచినది లేదని ప్రమాణములు చేయించిరి. సొమ్ము చేతికి వచ్చి సంవత్సరమైనదో లేదో విచారింపక ధర్మపు పన్ను వసూలు చేసిరి. గుంపులో పడి పోయిన వస్తువులు పెక్కు. ఇది సలాదీనునకు తెలిసిన సహింపడని ఇబ్న్ జుబైర్ సమాధానపడెను. కాని జరిగినది మాత్రము దాచక వ్రాసెను.

అటనుండి నైలునదిపై దక్షిణమునకు సాగి, ఎడారి దాటి ఎఱ్ఱసముద్రపు రేవైన ఐధాబు చేరిరి. ఆ దారిలో భారతదేశపు సరకులు మోయు ఒంటెల బారులు లెక్కకు మిక్కిలిగా ఎదురయ్యెను. మిరియములు ఎంతగా వచ్చుచుండెననగా, వాటికి మట్టికున్నంత విలువయే యున్నదని భ్రమ కలిగెనట. ఐధాబులోని ఓడలను మేకులు లేకుండ కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టెడివారు; వాటి కలప భారతదేశమునుండి వచ్చినదని అతడు వ్రాసెను. మన తూర్పుతీరపు మసూలా పడవలను ఎరిగినవారికి ఆ కుట్టు పరిచితమే.

మక్కా, మదీనా, బాగ్దాదు, డమాస్కసు దర్శించి, మిత్రులు 1184 సెప్టెంబరులో తిరుగు ఓడకై వర్తకుల బిడారుతో అక్రా రేవునకు బయలుదేరిరి. అది క్రైస్తవుల రాజ్యము. ఒకవంక సలాదీను సేన పట్టి తెచ్చిన బందీలు డమాస్కసులో ప్రవేశించుచుండగా, మఱియొకవంక ముస్లిము వర్తకులు శత్రుదేశమునకు నిర్భయముగా పోవుచుండిరి. సైనికులు సైనికులతో పోరుదురు. వర్తకుల త్రోవకు ఎవ్వరును అడ్డురారు. ఇది అతనికి మహాశ్చర్యము కలిగించెను.

దారిలో తిబ్నీను కోట వెలుపల క్రైస్తవ ప్రభువుల క్రింద ముస్లిము రైతులు కాపురముండిరి. పంటలో సగమును, తలకు ఒక దీనారము అయిదు ఖీరాతుల పన్నును చెల్లించి వారు సుఖముగా నుండిరి. స్వమత ప్రభువుల క్రింద నున్న రైతులకు ఆ సుఖము లేదని వ్రాయుటకు అతని మనస్సెంత నొచ్చెనో! అక్రా సుంకశాలలో క్రైస్తవ లేఖకులు బంగారు నగిషీగల సిరాబుడ్లు ముందిడుకొని, అరబ్బీ భాషలో మాటలాడుచు, అరబ్బీలోనే లెక్కలు వ్రాయుచుండిరి. తనిఖీ జరిగెను, కాని అందులో దౌర్జన్యము లేదు. ఊరి వెలుపల ఒక ఊటబావి యొద్ద ముస్లిములును క్రైస్తవులును ఒకే చోట చేరి, ఎవరి దిక్కునకు వారు తిరిగి ప్రార్థించెడివారు.

ఈ పంక్తులు వ్రాసినవాడు సమదర్శి కాడు. అక్రా పేరెత్తినపుడెల్ల దానిని శపించినవాడు. ఆ శాపమును, ఈ సాక్ష్యమును ఒకే కలము వ్రాసినది.

తూర్పుగాలి ఆ తీరమున వసంతమునను, శరత్తునను మాత్రమే వీచును. దానికై ఓడలోనే పండ్రెండు దినములు వేచి, అక్టోబరు 18న లంగరెత్తిరి. జెరూసలేమునుండి మరలు క్రైస్తవులు అందు రెండువేలకు పైగా నుండిరని అతని అంచనా. దానిమ్మలు, అత్తిపండ్లు, శనగలు, ఉల్లి, జున్ను — ఓడలో అమ్మకమునకు లేనిదిలేదు. నవంబరు మొదట వచ్చిన క్రైస్తవుల పండుగ రాత్రి పిన్న పెద్దలందఱు క్రొవ్వొత్తులు చేతబట్టగా ఓడయంతయు వెలిగెను. ఇరుమతములవారును కొందఱు దారిలో మరణించి ఒకే కడలి పాలైరి.

డిసెంబరులో సిసిలీ ద్వీపపు మెస్సీనా జలసంధిలో, రాత్రివేళ, ఓడ ఒడ్డునకు కొట్టుకొని బ్రద్దలయ్యెను. తెల్లవారినంతనే చిన్న పడవలవారు వచ్చి కూలి బేరమాడసాగిరి. చేత కాసులేని ముస్లిములు విరిగిన ఓడలో చిక్కుకొనిరి. దైవికముగా రాజు రెండవ విలియము ఆ ఊరనే యుండెను. ఆ క్రైస్తవ ప్రభువు వారి కూలికై నూరు నాణెము లిప్పించి ఒడ్డు చేర్పించెను. పిదప ఆ ద్వీపములో మఱికొన్ని నెలలు గడపి, 1185 ఏప్రిలులో ఇబ్న్ జుబైర్ గ్రనాడా చేరెను.

రెండేండ్లకే, 1187లో, అక్రాయు జెరూసలేమును సలాదీను వశమయ్యెను. 1191లో అక్రా మరల క్రైస్తవుల చేతికి వచ్చెను. ఇబ్న్ జుబైర్ మఱి రెండు మారులు తూర్పుదేశములకు పోయి, 1217లో అలెగ్జాండ్రియాలో, సుంకరులు తనను బాధించిన ఆ నగరముననే, కన్నుమూసెను.

కోటలు పలుమారులు చేతులు మారెను. ద్వేషింపదలచిన చోట కూడ కన్నదానిని కన్నట్లు వ్రాసినందున, ఆనాటి రైతు సుఖము, సుంకరి మర్యాద, రాజు దయ మనకు తెలియవచ్చినవి. పక్షపాతము లేకుండుట మానవునకు దుర్లభము. పక్షముండియు సత్యమును దాచకుండుట మాత్రము సాధ్యమే యని ఆ దినచర్య మనకు చెప్పుచున్నది.