కఱవునేలకు కప్పు, పిట్టకు మేత



కఱవు అనగానే మనకు మొదట ఇంటి గాదెయు, తరువాత పశువుల గాడియు తలపునకు వచ్చును. చేనిగట్టున బ్రదుకు పూరేడుపిట్టయు, కుందేలును మన లెక్కలోనికి రావు. అయితే 1930 మొదలు పదియేండ్లకాలము అమెరికా దేశమును పలుమాఱులు పీడించిన అనావృష్టిలో, రైతు ఆకలికిని ఈ మూగజీవుల ఆకలికిని మూలమొక్కటియేయని అచ్చటివారు కన్నీటితో నేర్చుకొనిరి. ఆ చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని.

ఆ దేశపు నడుమ ఓక్లహోమా, కాన్సస్, టెక్సాస్, కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రములయందు విశాలమైన పచ్చికబయళ్లు గలవు. అచ్చట వాన తక్కువ, గాలి ఎక్కువ. పొట్టిగడ్డి వేళ్లు మంటిని అల్లి పట్టియుండుటచేతనే ఆ నేల నిలిచియుండెను. 1914లో మొదలైన మహాయుద్ధకాలమున గోధుమల ధర పెరిగెను; వెనువెంట ట్రాక్టర్లు వచ్చెను; లక్షలకొలది ఎకరముల పచ్చిక నాగలి పాలయ్యెను. పిదప వానలు వెనుదీసినప్పుడు గోధుమ మొలవలేదు. గడ్డి అంతకుముందే పోయియుండెను. కప్పులేని మన్ను గాలికి లేచెను. 1934 మే నెలలో ఆ ధూళి న్యూయార్కు నగరముపై పడి, అట్లాంటిక్ సముద్రముమీది ఓడలను సైతము కప్పెను. 1935 ఏప్రిల్ 14వ తేదీ పట్టపగలు చీకటి కమ్మినందున ఆ దినమునకు ‘నల్ల ఆదివారము’ అను పేరు నిలిచినది. అదే నెల 27వ తేదీన నేల సంరక్షణ శాసనమేర్పడెను. అందులకై పాటుపడిన హ్యూ బెన్నెట్ అను శాస్త్రజ్ఞుడు క్రొత్తశాఖకు అధిపతియయ్యెను.

ఆ శాఖవారు చెప్పిన ఉపాయములు మనకు వింతగా తోచవు. వాలునకు అడ్డముగ దున్నుట, పట్టెలుపట్టెలుగా జొన్న విత్తుట, కోసిన పిదప మోళ్లను నేలమీదనే విడుచుట, ఇవియే. అటవీశాఖవారు 1935 మొదలు 1942 వరకు సుమారు 22 కోట్ల చెట్లను గాలికి అడ్డుగా నాటించిరి.

ఇంతకుముందే, దక్షిణమున జార్జియా ప్రాంతమున హెర్బర్ట్ స్టోడార్డు అనునతడు బాబ్‌వైట్ అను పూరేడుజాతి పక్షిని ఏండ్లతరబడి పరిశీలించి 1931లో గొప్ప గ్రంథము వెలువరించెను. ఆ పక్షి గింజలు తినును. కాని దాని పిల్లలు మొదటి వారములలో ముఖ్యముగా పురుగులనే తిని పెరుగును. గూటికి నిరుటి గడ్డిదుబ్బు కావలెను. డేగకన్ను పడకుండ తలపై ఆకుల నీడ కావలెను. కాబట్టి ఎన్ని గింజలు చల్లినను, చేనిని గీకినట్లు శుభ్రము చేసిన రైతు పొలమున ఆ పక్షి నిలువదు.

ఈ జ్ఞానమునుండియే, మృగపక్షులకొఱకు చేనిమూలల మేతమళ్లు వేయు అలవాటు బలపడినది. వేటగాండ్ర ఆసక్తియు దీనికి తోడయ్యెను. 1937లో ఏర్పడిన శాసనము తుపాకులపైని, తూటాలపైని వసూలగు పన్నును వన్యప్రాణుల పోషణకు కేటాయించెను.

అనావృష్టిలో అట్టి మడిని దున్నరు. ముందు పెరిగిన పైరును నేలకు వాల్చి, ఆ చెత్తలోనే సజ్జ, జొన్న, అలసంద కలిపి విత్తుదురు. చెత్త ఎండను అడ్డి తేమను కాచును. అలసంద నేలకు బలమిచ్చును. దాని ఆకు జింకకు, గింజ పిట్టకు దక్కును. అయితే కప్పుపైరు కూడ నీరు త్రాగును. వాన మిక్కిలి తక్కువైన చోట దానిని వేళకు వాల్చకున్న, తరువాతి పంటకు తేమ మిగులదు. వానలేక గిడసబారిన లేతజొన్న పశువునకు విషమని మీకు నేను చెప్పనక్కఱలేదు.

తొందరలో పొరపాట్లును జరిగినవి. తూర్పు ఆసియానుండి తెచ్చిన ఒక ముళ్లగులాబిని పక్షులకు ఆశ్రయమనియు, పొలమునకు కంచెయనియు ప్రభుత్వశాఖయే పంచిపెట్టెను. అది బీళ్లనెల్ల ఆక్రమించి, పలురాష్ట్రములలో నిషేధింపబడిన కలుపుగా మాఱినది. మన సర్కారుతుమ్మను ఎఱిగినవారికి ఈ కథ వివరింప పనిలేదు.

1985లో మఱియొక పద్ధతి వచ్చెను. కోతపడు నేలను 10 మొదలు 15 ఏండ్లు దున్నక గడ్డికి విడిచిన రైతునకు ప్రభుత్వము ఏటేట కౌలు చెల్లించును. 2012 నాటి ఘోరమైన అనావృష్టిలో పశువులు మాడుచుండగా, ఆ గడ్డిని కోసికొన, మేపుకొన అనుమతి ఇయ్యవలసివచ్చెను. అట్టి అనుమతి సాధారణముగా పక్షులు పొదుగు కాలము గడచిన పిదపనే ఇత్తురు. కఱవున ఎవరి నోటికి ముందు అను ప్రశ్నకు ఇది సంపూర్ణసమాధానము కాదు. కాని ఇరువురికిని కొంత మిగిల్చిన తీర్పు.

నేడు ఆ దేశపు దక్షిణభాగమున జింకల మేతకును, నేల బలమునకును విత్తు పైరులలో మన జనుమొకటి. అది మంచుకు చచ్చును గనుక, ముళ్లగులాబివలె నేలను ఆక్రమించునను భయము తక్కువ. మనము పాతదని విడిచిన విత్తును వారు క్రొత్తగా నేర్చుకొనుచున్నారు.

అడవిపందులు చేలపై పడు గ్రామములలో మేతమడి యన్నమాటకే భయము కలుగుట సహజము. వానిని పిలిచి మేపుడని నేను చెప్పను. మన దేశమున 1972 నాటి చట్టము వేటను కట్టడిచేసినది గనుక, మన లెక్కయు వేఱు. నా మనవి చిన్నది. వానలు తప్పిన యేట గట్లమీది గడ్డిని తగులబెట్టకుడు. కోసిన చేనిలో మోళ్లను తొలకరివఱకు ఉండనిండు. పదునున్న మూలను ఉలవయో, జనుమో చల్లుడు. మన్ను మీ చేనిలోనే నిలుచును. ఆ నీడను పూరేడుపిట్ట పిల్లలను పెంచుకొనును.