మోటారు రంగు, నిర్మల్ బొమ్మ

చిన్న కారు బొమ్మలకు ఎనామిల్ రంగులు వేయడం నేర్చుకోగోరే వారికి దొరికే పుస్తకాలలో అత్యధికం ఇంగ్లండులోనో అమెరికాలోనో వెలువడినవి. హల్ నగరంలో 1919లో హంబర్ ఆయిల్ కంపెనీగా మొదలై, తరువాత రంగుల తయారీలోకి దిగిన హంబ్రోల్ వారి 14 మిల్లీలీటర్ల బుల్లి డబ్బాలను గురించీ, లివర్‌పూల్‌లో 1934లో డింకీ అన్న పేరు పెట్టుకున్న పోత కార్లను గురించీ వాటిలో విస్తారంగా ఉంటుంది. జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో కూర్చుని వాటిని చదివే యువకునికి ఇదంతా మనకు సంబంధించని విద్య అని తోచడం సహజమే. నా అభిప్రాయం వేరు. మోటారు కారు కోసమే పుట్టిన రంగును చేతిలో ఇమిడే చెక్కబొమ్మ మీద నిగనిగలాడేటట్లు వేయగల పనివారు మనకు గోదావరి ఆవలి ఒడ్డునే, నిర్మల్‌లో ఉన్నారు. వారి చేతిలోకి ఆ రంగు ఎలా వచ్చిందో, వచ్చి ఏమి చేసిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జగిత్యాలకూ నిర్మల్‌కూ పాత చుట్టరికం ఉన్నది. జగిత్యాల కోట 1747లో జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజనీర్లు కట్టినదని ఇంపీరియల్ గెజిటీరు చెబుతున్నది. నిర్మల్‌ను ఏలినవాడు కూడా ఆ జఫరుద్దౌలాయే. నిర్మల్ అన్న పేరు నిమ్మనాయుడనే పాలకుని వలన వచ్చినదనీ, ఆయన చేరదీసిన పనివారితోనే అక్కడి బొమ్మల కళ మొదలైనదనీ స్థానికులు చెప్పుకుంటారు. నిన్నమొన్నటి వరకు జగిత్యాల, సిరిసిల్ల కరీంనగర్ జిల్లాలోనూ, నిర్మల్ ఆదిలాబాదు జిల్లాలోనూ ఉండేవి. 2016 అక్టోబరు 11న మూడూ వేర్వేరు జిల్లాలకు కేంద్రాలైనాయి. కాగితం మీది హద్దులు ఎలా మారినా, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరుల మీదుగా సాగి సోన్ దగ్గర గోదావరి దాటే దారి మాత్రం అదే.

ఎనామిల్ రాకముందు ఈ ప్రాంతపు రంగులు ఎలా ఉండేవో ముందు తెలుసుకోవాలి. నిర్మల్ బొమ్మలు చేసేవారిని నకాషీలంటారు. చేర్యాలలో కథల పటాలు రాసేవారూ నకాషీలే. సిరిసిల్ల వంటి నేతపని ఊళ్ళకు ఈ పటాలతో దగ్గరి సంబంధం ఉంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు ముందు పరుచుకునేది నకాషీలు రాసిన పటమే. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, తిరుమణి బంక కలిపి పూసి, అది ఆరిన తరువాత బొమ్మ రాసేవారు. శంఖం నుండి తెలుపు, దీపపు మసి నుండి నలుపు, ఇంగిలీకం నుండి ఎరుపు, నీలిమందు నుండి నీలం తీసేవారు. చెక్కబొమ్మకు కూడా ఇంచుమించు ఇదే పద్ధతి. తేలికైన పొనికి చెక్కను చెక్కి, ముక్కలను అతికి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో సందులు పూడ్చి, పైన సుద్ద పూసి, ఆ తెల్లని నునుపు మీద రంగు వేసేవారు. ఈ కింది పొరల సంగతిని చదువరులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

ఇక మోటారు రంగు కథ. మోటారు కార్లు వచ్చిన తొలి రోజులలో వాటికి గుర్రపు బగ్గీలకు వేసే నూనె వార్నీషులే వేసేవారు. ఒక్కొక్క పొర ఆరడానికి రోజులు పట్టేది, కారు మొత్తం పూర్తి కావడానికి వారాలు పట్టేది. ఫోర్డు కంపెనీ మోడల్ టి కారు 1914 నుండి 1925 వరకు నల్లరంగులో మాత్రమే వచ్చింది. ఆ నలుపు చవక, గట్టిది, కార్ఖానా వేగానికి తగినది. ఈ చిక్కును విప్పినది డుపాంట్ కంపెనీ. మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండు కోసం దూదిని నత్రికామ్లంతో శుద్ధిచేసి నైట్రోసెల్యులోజు తయారు చేయడంలో ఆరితేరిన సంస్థ అది. యుద్ధం ముగిశాక ఆ విద్యనే రంగుల వైపు మళ్ళించింది. అలా పుట్టినదే డూకో. 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్‌లండ్ కారు మీద నీలి రంగుగా అది మొదటిసారి మెరిసింది. వారాల పని గంటలలోకి వచ్చింది. ఎర్రవి, పచ్చవి, నీలివి కార్లు వీధుల్లోకి రావడానికి మూలం పత్తికాయలోని దూదియే అన్నమాట. పత్తి పండించే రేగడి నేలలవాళ్ళం కనుక ఈ సంగతి మనకు కొంత ముచ్చటగా ఉంటుంది.

డూకోకూ ఎనామిల్‌కూ ఉన్న తేడాను ఇక్కడే చెప్పుకోవాలి. డూకోలోని ద్రవం ఆవిరై పోగానే రంగు పొర మిగులుతుంది. మళ్ళీ థిన్నర్ తగిలితే ఆ పొర కరుగుతుంది. ఎనామిల్ అలా కాదు. ద్రవం ఆవిరైన తరువాత గాలిలోని ప్రాణవాయువుతో కలిసి అది నెమ్మదిగా గట్టిపడుతుంది, ఒకసారి గట్టిపడినాక తన టర్పెంటైనుకు లొంగదు. డూకో క్షణాలలో ఆరుతుంది కనుక కుంచెకు ఒదగదు, పిచికారీ కావాలి. ఎనామిల్ నిదానంగా ఆరుతుంది కనుక కుంచె గీతలు వాటంతట అవే సర్దుకుంటాయి. అందుచేతనే బొమ్మ కార్లవాళ్ళు ఎనామిల్‌ను ఆదరించారు. డూకో మీద ఎనామిల్ వేయవచ్చును. ఎనామిల్ మీద డూకో వేస్తే కింది పొర ముడతలు పడి లేచిపోతుంది. ఈ ఒక్క నియమం తెలియక పాడైన బొమ్మలకు లెక్కలేదు.

ఈ రంగు మన వైపుకు మోటారు వాహనాల వెంటనే వచ్చింది. నిజాం ప్రభుత్వ రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించారు. బస్సులు వచ్చిన చోట మరమ్మతు షెడ్డు వచ్చింది, షెడ్డు వచ్చిన చోట రంగులవాడు వచ్చాడు. డూకో అన్న కంపెనీ మాట మన మెకానిక్కుల నోట బండి రంగుకు సామాన్య నామమైపోయింది. 1942లో బొంబాయిలో ఏషియన్ పెయింట్స్ స్థాపన జరిగిన తరువాత స్వదేశీ రంగు డబ్బాలు చిన్న పట్టణాల దుకాణాలకూ చేరుకున్నాయి. దుకాణాల బోర్డులు, ఎడ్లబండ్ల చక్రాలు, రిక్షాల వెనుక రేకులు, లారీల తలుపులు అన్నీ ఎనామిల్‌తో కొత్త వెలుగు తెచ్చుకున్నాయి. నిర్మల్ నకాషీలు 1955లో సహకార సంఘంగా ఏర్పడ్డారు. ఇరవయ్యో శతాబ్దం ముగిసేనాటికి నిర్మల్ బొమ్మకూ, నల్లని నేల మీద బంగారు ఛాయలు మెరిసే నిర్మల్ చిత్రానికీ డూకో, ఎనామిల్ రంగులే ఆధారమైనాయి. కారు కోసం పుట్టిన రంగు పొనికి చిలుక రెక్క మీద వాలింది.

కోరుట్లలో ఒక బండ్ల షెడ్డు ముందు గంటల తరబడి నిలబడి చూసే అలవాటు నాకుండేది. సొట్ట తీసిన రేకు మీద లప్పం పట్టి, ఉప్పుకాగితంతో నీళ్ళు చల్లుతూ రుద్ది, అరచేతితో తడిమి, మళ్ళీ లప్పం పట్టి, ప్రైమర్ కొట్టి, చివరికి రంగు కొట్టేవారు. రంగుకు పట్టే సమయం మొత్తం పనిలో పదో వంతు కూడా ఉండదు. తరువాత నిర్మల్‌లో బొమ్మల పని చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. చింతగింజల ముద్ద లప్పమే, సుద్ద ప్రైమరే, అరచేతితో తడమడం అదే. రంగు మారినా కింది పొరల శాస్త్రం మారలేదు. మోటారు రంగును చేపట్టిన నాడు నకాషీ కొత్తగా నేర్చుకోవలసింది స్వల్పం. రంగు నిలవాలంటే దాని కింద ఏముండాలో వారికి తాతల నాడే తెలుసు.

బొమ్మ కారుకు రంగు వేసేవాడు నిర్మల్ నుండి నేర్వవలసిన మొదటి పాఠం ఇదే. రెండవది పలుచదనం. డింకీ కార్ల నాటి నుండి వాడుకలో ఉన్న కొలత 43లో ఒకటి. ఆ కొలతలో చేసిన అంబాసిడర్ మీద పదో వంతు మిల్లీమీటరు మందాన రంగు పడితే, అది అసలు కారు మీద నాలుగు మిల్లీమీటర్లకు పైబడిన పొరతో సమానం. తలుపు సందులు పూడిపోతాయి, దీపాల చుట్టూ అంచులు మొద్దుబారుతాయి. కాబట్టి రంగును టర్పెంటైనుతో పలుచన చేసి, పలుచని బట్టలో వడగట్టి, రెండు మూడు పొరలుగా వేయాలి. పొరకూ పొరకూ మధ్య ఒక పగలూ ఒక రాత్రీ ఆరనివ్వాలి. డబ్బా అడుగున పేరుకున్న ముద్దను ఓపికగా కలపాలి, ఎందుకంటే రంగు ఉన్నది అందులోనే. ఆరేదాకా దుమ్ము పడకుండా ఒక గిన్నె బోర్లించాలి. డూకో అయితే వానాకాలంలో ముట్టకపోవడం మంచిది. ద్రవం త్వరగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు తెల్లబారుతుంది. మా ఇంటి మేడ గదిలో నేను చిన్న కార్లకు రంగు వేసుకునే కాలం అందుకే సంక్రాంతికీ ఉగాదికీ మధ్య.

ఎనామిల్ వచ్చి మన సహజ వర్ణాలను చంపేసిందన్న విమర్శ తరచు వినబడుతుంది. దానిలో సత్యం లేకపోలేదు. విశాఖ జిల్లాలో ఉండి, 2022 నుండి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఏటికొప్పాకలో లక్క బొమ్మలకు మళ్ళీ ఆకు, బెరడు, గింజల రంగులు తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అది ఎన్నదగిన కృషి. అయితే ఏటికొప్పాక బొమ్మ తిరిగే చక్రం మీద లక్కను కరిగించి అద్దే బొమ్మ. అక్కడ రంగు లక్కలో కలిసి వస్తుంది. నిర్మల్ పని కుంచె పని. ఒకచోటి పరిష్కారాన్ని మరొకచోటికి తరలించి, మీరూ అలాగే చేయండి అనడం పనివాని కష్టం ఎరగని మాట. కడిగితే పోని రంగు, ఎండకు వెలవని రంగు కొనేవాడు కోరాడు. ఎనామిల్‌ను చేపట్టి నకాషీ తన బొమ్మను బజారులో నిలబెట్టుకున్నాడు. దానిని పతనంగా చూపే చరిత్ర, చేపట్టకపోతే ఆ కుటుంబం ఏమి తినేదో చెప్పదు.

నాకున్న అసలు భయం వేరు. ఎనామిల్ పసుపు, నారింజ రంగులకు చాలాకాలం సీసపు క్రోమేటు ఆధారం. బొమ్మను నోట పెట్టుకునే పసిబిడ్డకు, రోజంతా ఆ రంగు రుద్దే పనివానికి సీసం విషం. కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసి, 2017 నవంబరు నుండి ఇళ్ళకూ అలంకరణకూ వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్నది. పరిశ్రమలకు వాడే రంగులు ఆ నియమాల కిందికి రావు. 2021 నుండి బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి అయింది. హస్తకళాకారులుగా నమోదైన వారికీ, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకూ దాని నుండి మినహాయింపు ఇచ్చారు. నిర్మల్ బొమ్మకు ఆ గుర్తింపు ఉన్నది. చిన్న పనివానిని పరీక్షల ఖర్చు నుండి కాపాడిన ఆ మినహాయింపు న్యాయమైనదే. కాని దానితో బాధ్యత అంతా డబ్బా కొనే చేతి మీద పడింది. బండి రంగు అమ్మే దుకాణంలో చవకగా దొరికినది తెచ్చుకోవడమా, సీసం లేదని డబ్బా మీద రాసినది వెదికి తెచ్చుకోవడమా అన్నది బొమ్మల పనివాడైనా, ఇంట్లో సరదాకు రంగు వేసే నాబోటివాడైనా ప్రతిసారీ తేల్చుకోవలసిన ప్రశ్న.

మరొక భయం నేర్చుకునేవారిని గురించి. పొనికి చెట్టు అడవిలో అరుదవుతున్నది. నకాషీ ఇళ్ళలోని పిల్లలు చదువులకూ పట్నపు ఉద్యోగాలకూ వెళుతున్నారు. వారిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. మరొకవైపు జగిత్యాల, సిరిసిల్లల నుండి చదువుకున్న పిల్లలు హైదరాబాదులోనో, సముద్రాల ఆవలో ఉద్యోగం చేస్తూ, వేల రూపాయలు పోసి ప్లాస్టిక్ కారు ముక్కలను తెప్పించుకుని, రంగు ఎలా వేయాలా అని తెరల ముందు కూర్చుంటున్నారు. వీరికి కావలసిన విద్య వారి దగ్గర ఉన్నది, వారికి కావలసిన శిష్యులు వీరిలో ఉన్నారు. ఇద్దరి మధ్య ఒక నది, ఒక వంతెన.

ఈ విద్యలో మక్కువ ఉన్న చదువరులు ఊరికి వచ్చినప్పుడు ఒక రోజు నిర్మల్‌కు కేటాయించమని నా మనవి. బొమ్మ కొని వెనుదిరగవద్దు. రంగు పడని తెల్లబొమ్మను చేతిలోకి తీసుకుని దాని వీపు మీద వేలు నడిపించి చూడండి. ఆ నునుపు ఎన్ని పూతల ఫలమో అక్కడివారిని అడగండి, వారు చెబుతారు.